జొన్న మల్లె

జొన్న చేలో తెల్లని చిన్న పూలు చూశారా? మొక్క జానెడే ఉంటుంది. అది జొన్న మల్లె. కొన్ని ఊళ్లలో పొట్టి మల్లె అంటారు. పేరు మల్లె, పని మాత్రం దొంగ పని.

మామూలు కలుపు పైరు పక్కన పెరుగుతుంది. ఇది అలా కాదు. దీని వేరు జొన్న వేరులోకి దూరుతుంది. జొన్న తాగే నీళ్లు, సారం పీలుస్తుంది. వాన పడినా జొన్న వాడినట్టే ఉంటుంది. మల్లె మన కంటికి కనబడేసరికి నేల లోపల చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది.

దీని గింజ దుమ్ములా ఉంటుంది. ఒక్క మొక్కకు వేల గింజలు. 10 ఏళ్లకు పైగా నేలలో బతికుండగలవు. జొన్న లాంటి పైరు వేరు నుంచి ఊరే రసం తగిలితేనే మొలుస్తాయి.

మొన్న చదువు దగ్గర ఒక అక్క అడిగింది. "మల్లె పట్టని విత్తనాలు ఉన్నాయంట కదా! అవే వేస్తే పోలా?"

మంచి ప్రశ్న. అలాంటి విత్తనాలు ఉన్నాయి. కానీ ఒక చిక్కుంది.

ఒక తల్లి పిల్లలే ఒక్కలా ఉండరు. ఒకరికి పాలు పడతాయి, ఒకరికి పడవు. కలుపు మొక్కలూ అంతే. చూడడానికి ఒకటే, లోపలి గుణాలు వేరు. ఈ గుణాలు తల్లి మొక్క నుంచి గింజకు వస్తాయి. దీన్నే జన్యు వైవిధ్యం అంటారు. మాట కష్టంగా ఉంది కదూ? విడదీసి చదవండి. జన్యు, వైవిధ్యం. వైవిధ్యం అంటే రకరకాలుగా ఉండడం.

ఆఫ్రికాలో అలసంద చేలకు ఈ మల్లె జాతి కలుపే ఇంకొకటి పడుతుంది. బి-301 అనే అలసంద రకం చాలా చోట్ల దాన్ని ఆపింది. బెనిన్ దేశంలో జక్‌పోటా అనే చోట మాత్రం ఆపలేకపోయింది. అక్కడి కలుపు గుణం వేరు!

వేల గింజల్లో ఏ ఒక్కటో కొత్త విత్తనం మీద కూడా బతికిందనుకోండి. మిగతావి చస్తాయి. అది పూస్తుంది. కొన్నేళ్లకు చేనంతా దాని పిల్లలే.

కాబట్టి విత్తనం ఒక్కదాన్నే నమ్ముకోలేం. కలుపు తీసేది మనమే కదా, మల్లెను ముందు చూసేదీ మనమే. పూత రాకముందే పీకాలి. పూసినదాన్ని గట్టు మీద పడేయకండి, గింజ రాలుతుంది. చేను బయట కాల్చాలి. ఒక ఏడు పత్తో వేరుశనగో వేస్తే మల్లె గింజ మొలిచినా బతకలేక చస్తుంది. అన్నీ ఒక్క ఏడుతో పోవు. పెంట ఎరువు బాగా వేసిన చేలో మల్లె తగ్గుతుంది. పక్క ఊరి నుంచి విత్తనం తెచ్చుకుంటే జల్లించి చూడండి. దానితో పాటు ఆ ఊరి మల్లె గింజ కూడా రావచ్చు.

మీ ఊళ్లో ఈ కలుపును ఏమంటారు? ఏ చేలో చూశారు? పలక మీద రాయండి.