ధర దగ్గర ఆగకండి, కారణం దాకా వెళ్లండి

విదేశీ ప్రయాణానికి రానుపోను విమాన టికెట్ మాత్రమే చూస్తే ఒక ధర కనిపిస్తుంది. అవే తేదీలకు విమానం, హోటల్, ఎయిర్‌పోర్టు నుంచి కారు, పొద్దుటి టిఫిన్ అన్నీ కలిపిన ప్యాకేజీ ఒక్కోసారి అంతకంటే తక్కువకే వస్తుంది. అది చూసి కొందరు ‘ఇందులో ఏదో మోసం ఉంది’ అని పక్కన పెట్టేస్తారు. కొందరు ‘ఆలస్యం చేస్తే చేజారిపోతుంది’ అని వెంటనే డబ్బు కట్టేస్తారు. ఇద్దరిదీ ఒకటే లోపం: ధర చూశారు, కారణం అడగలేదు.

అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ‘ఈ తేడాను ఎవరు, ఎందుకు భరిస్తున్నారు?’ దీన్ని అలవాటు చేసుకున్నవారు అనుమానంతో మంచి అవకాశాన్ని వదులుకోరు, ఆత్రంతో చెడ్డ బేరంలో ఇరుక్కోరు.

ఒక మనిషి వేసిన లెక్క

లండన్‌లో రాయిటర్స్ వార్తాసంస్థలో పనిచేసిన వ్లాదిమిర్ రైట్జ్, 1949లో హొరైజన్ హాలిడేస్ అనే సంస్థను మొదలుపెట్టాడు. ఫ్రాన్స్‌కు చెందిన కోర్సికా దీవిలోని కాల్వికి జనాన్ని తీసుకెళ్లాలన్నది ఆయన ఆలోచన. ఆ రోజుల్లో లండన్ నుంచి ఆ దాపునే ఉన్న నీస్ నగరానికి మామూలు విమాన టికెట్ సుమారు 70 పౌండ్లు. రైట్జ్ మాత్రం విమానం, బస, భోజనం అన్నీ కలిపి 32 పౌండ్ల 10 షిల్లింగులకే ఇస్తానన్నాడు.

ఎలా సాధ్యమైంది? ఆయన టికెట్లు కొనలేదు, విమానాన్నే మొత్తంగా అద్దెకు తీసుకున్నాడు. రోజూ తిరిగే విమానంలో కొన్ని సీట్లు ఖాళీగా పోతాయి. ఆ ఖాళీల ఖర్చు కూడా ఎక్కినవారి టికెట్‌లోనే కలుస్తుంది. ప్రతి సీటూ ముందే నింపగలిగితే ఆ భారం ఉండదు. బసకు హోటల్ బదులు సైన్యం వాడి వదిలేసిన డేరాలు వేయించాడు. విద్యార్థులను, ఉపాధ్యాయులను మాత్రమే తీసుకెళ్లాలని ప్రభుత్వం షరతు పెడితే దానికీ ఒప్పుకున్నాడు. ఆ తక్కువ ధరలో మాయేమీ లేదు. ఎక్కడ వృథా ఉందో కనిపెట్టి దాన్ని తీసేసిన తెలివి ఉంది.

ఆ తర్వాత ఈ తెలివికి పాత విమాన సంస్థలు ఎంత భయపడ్డాయంటే, ప్యాకేజీ ధర మామూలు విమాన ఛార్జీ కంటే తక్కువ ఉండకూడదని బ్రిటన్‌లో నిబంధనే ఉండేది. 1970ల మొదట్లో గానీ ఆ అడ్డు తొలగిపోలేదు.

గుట్టు ఎక్కడుంది?

ఇప్పటి లెక్కా అదే దారిలో నడుస్తుంది. మూఢంలో ఖాళీగా ఉన్న కల్యాణ మండపంలాగే, ఈ రాత్రి నిండని హోటల్ గది తాలూకు ఆదాయం ఇక తిరిగి రాదు. గాల్లోకి లేచిన విమానంలో ఖాళీ సీటు పరిస్థితీ అంతే. కాబట్టి ఎంతో కొంతకు ఇచ్చేయడమే వాళ్లకు లాభం.

కానీ ఆ తగ్గింపును బాహాటంగా ప్రకటిస్తే, పూర్తి ధర కట్టడానికి సిద్ధంగా ఉన్నవారు కూడా అదే అడుగుతారు. ప్యాకేజీ ఈ చిక్కును విడదీస్తుంది. అందులో గదికెంత, సీటుకెంత అని విడివిడిగా కనిపించదు. హోటల్ తన రేటు తగ్గించినట్టు బయటపడదు, గది మాత్రం నిండుతుంది. విమాన సంస్థలు కూడా టూర్ ఆపరేటర్లకు ప్రత్యేక ధరలకు సీట్లు ఇస్తాయి, ‘హోటల్‌తో కలిపితేనే అమ్మాలి’ అన్న షరతుతో.

ఇంకో సంగతి. సోమవారం వెళ్లి బుధవారం తిరిగి రావాల్సిన ఉద్యోగికి వేరే దారి లేదు, ఎంతైనా కడతాడు. సెలవులకు వెళ్లే కుటుంబం ధర ఎక్కువైతే ప్రయాణమే మానుకుంటుంది. వీళ్లిద్దరినీ వేరుచేయడమే విమాన సంస్థల పెద్ద విద్య. అమెరికాలో 1978లో ఛార్జీలపై ప్రభుత్వ నియంత్రణ తొలగించే చట్టం వచ్చాక ఈ విద్య బాగా పదునెక్కింది. ముందుగా కొనడం, వెళ్లిన చోట శనివారం రాత్రి ఉండడం వంటి షరతులతో చౌక టికెట్లు అమ్మేవారు. హోటల్ కలిపి కొనేవాడు విహారయాత్రికుడేనని ప్యాకేజీ కూడా అలాగే పసిగడుతుంది, ధర తగ్గిస్తుంది.

బదులుగా మీరిచ్చేది

తగ్గిన ధరకు మీరు డబ్బు కాకుండా మరొకటి చెల్లిస్తున్నారు. అది మీ స్వేచ్ఛ. తేదీ మార్చుకోలేరు. హోటల్ నచ్చకపోయినా అదే. రద్దు చేసుకుంటే డబ్బు పూర్తిగా రాకపోవచ్చు. ఆ స్వేచ్ఛ మీకు అక్కర్లేనప్పుడు ప్యాకేజీ అద్భుతమైన బేరం. ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం బాగాలేనప్పుడు, సెలవు ఖాయం కానప్పుడు అదే ప్యాకేజీ ఖరీదైనది. మీ అవసరం ముందు తేల్చుకోండి, ధర తర్వాత చూడండి.

చౌక కాటేసే చోటు

కారణం కనబడని చౌకను మాత్రం నమ్మకండి. చైనా నుంచి థాయ్‌లాండ్‌కు ఒకప్పుడు ఖర్చు కంటే తక్కువకే టూర్లు అమ్మేవారు. నష్టాన్ని యాత్రికుల చేత బలవంతంగా కొనిపించిన నగలు, బహుమతి వస్తువుల మీద కమీషన్లతో పూడ్చుకునేవారు. 2013 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన చైనా పర్యాటక చట్టం ఇలాంటి అసహజమైన తక్కువ ధరల్ని నిషేధించింది. థాయ్‌లాండ్ 2016లో ఈ టూర్ల మీద గట్టి చర్యలు తీసుకుంది.

ముందుగా కట్టిన డబ్బుకు ఇంకో ప్రమాదమూ ఉంది. 2019 సెప్టెంబర్ 23న బ్రిటన్‌లో థామస్ కుక్ సంస్థ కుప్పకూలింది. (మన దేశంలోని థామస్ కుక్ ఇండియా అప్పటికే వేరే యాజమాన్యంలో ఉన్న సంస్థ.) విదేశాల్లో చిక్కుకున్న సుమారు లక్షన్నర మంది బ్రిటిష్ యాత్రికుల్ని అక్కడి ప్రభుత్వం వెనక్కి తెచ్చింది. అలాంటి రక్షణ అన్ని చోట్లా ఉండదు. అందుకే ఎవరి చేతికి డబ్బిస్తున్నారో చూసుకోవడం మీ బాధ్యత.

కొనేముందు నాలుగు పనులు

1. విడివిడిగా లెక్క కట్టండి. విమానం, హోటల్, రవాణా, భోజనం వేర్వేరుగా ఎంతవుతాయో కాగితం మీద రాసి, ప్యాకేజీతో పోల్చండి. పది నిమిషాల పని.

2. ధర కింద రాసిన సన్నటి అక్షరాలు చదవండి. ‘ట్విన్ షేరింగ్’ అంటే ఇద్దరు ఒకే గదిలో ఉంటేనే ఆ ధర. ఒంటరిగా వెళ్తే అదనం. వీసా, ప్రవేశ టికెట్లు, జీఎస్టీ అందులో ఉన్నాయో లేదో అడగండి. విదేశీ ప్యాకేజీ అమ్మేటప్పుడే వసూలు చేసే పన్ను టీసీఎస్‌ను ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు కాబట్టి రసీదు దాచుకోండి.

3. అక్కర్లేనిదాన్ని లాభంగా లెక్కేయకండి. బంధువుల ఇంట్లో దిగేవారికి హోటల్ గది ఉచితమైనా ఉపయోగం లేదు. అయితే విమానంతో కలిపిన ధరే తక్కువైతే, గది వాడకపోయినా తీసుకోవడంలో తప్పులేదు. వెళ్లే విమానం మాత్రం ఎక్కకుండా వదిలేయకండి. తిరుగు టికెట్ రద్దయ్యే ప్రమాదం ఉంది.

4. రద్దు నిబంధనను డబ్బు కట్టకముందే చదవండి.

ఈ సాధన ప్రయాణాలతో ఆగిపోయేది కాదు. రేపు మీ చేతికి ఉద్యోగపు ఆఫర్ లెటర్ వస్తుంది. అందులో మూలవేతనం, బోనస్, బీమా, మధ్యలో మానేస్తే కట్టాల్సిన బాండ్ అన్నీ కలిపి ఒకే పెద్ద అంకె వేసి ఉంటుంది. దాన్ని చూసి పొంగిపోకుండా, బెదిరిపోకుండా, ఒక్కో అంశాన్ని విడదీసి ‘నాకిచ్చేది ఎంత, నా నుంచి తీసుకునేది ఏమిటి’ అని నెమ్మదిగా అడగగలిగినవారే తమ శ్రమకు తగిన విలువ రాబట్టుకుంటారు. ఆ అడిగే ధైర్యం ఒక్కరోజులో రాదు. చిన్న కొనుగోళ్ల దగ్గరే మొదలుపెట్టండి.