పన్ను పాఠానికి ఇద్దరు వంతలు

ఆదాయపు పన్ను పుస్తకం ఎన్నిసార్లు తిరగేసినా పరీక్ష హాల్లో మినహాయింపులు గుర్తుకు రావడం లేదా? అయితే మళ్లీ చదవడం ఆపండి. ఇద్దరు స్నేహితుల్ని పిలిచి బుర్రకథ కట్టండి.

ఈ దారి మనవాళ్లకు కొత్త కాదు. పావులూరి మల్లన గణితాన్నే తెలుగు పద్యాల్లో చెప్పాడు. వీధిబడి పిల్లలు ఎక్కాలను రాగం తీసి వల్లెవేసేవారు. షేక్ నాజర్ వంటి కళాకారులు చదువురాని జనానికి దేశంలో ఏం జరుగుతోందో చెప్పింది బుర్రకథతోనే. అందులో కథకుడు కథ నడిపిస్తాడు, హాస్య వంత అడ్డుతగిలి నవ్విస్తాడు, రాజకీయ వంత అసలు సంగతి విప్పుతాడు. నిబంధన ఏమిటి, ఎక్కడ మెలిక తిరుగుతుంది, ఎందుకలా పెట్టారు? పన్ను చట్టంలో తెలియాల్సినవీ ఈ మూడే.

సీఏ ఇంటర్ విద్యార్థులు తడబడే అద్దె ఇంటి ఆదాయాన్నే తీసుకోండి. కథకుడు అందుకుంటాడు: “కట్టిన మున్సిపల్ పన్ను తీసెయ్, మిగిలినదాంట్లో ముప్పై కోసెయ్!”

“ఆగు గురూ, పన్ను బకాయి ఉంది. తీసెయ్యొచ్చా?”

“కట్టలేదుగా, కుదరదు!”

“పోనీ, అద్దెకున్నాయన కట్టాడు.”

“నీ జేబులోంచి పోలేదుగా, అదీ కుదరదు!”

“లక్ష పోసి రంగులేయించానే?”

“వేయించినా ముప్పై శాతమే, వేయించకపోయినా ముప్పై శాతమే!”

అప్పుడు రాజకీయ వంత కారణం చెబుతాడు: ఇంటింటి మరమ్మతు బిల్లులు పట్టుకుని తగువులాడే పని లేకుండా అందరికీ ఒకే కోత. వెంటనే లెక్క వేయండి. ఏడాది అద్దె 3,00,000, యజమాని కట్టిన పన్ను 20,000, మిగిలింది 2,80,000. అందులో 30 శాతం, అంటే 84,000 పోతే 1,96,000. ఇంటి అప్పు మీద వడ్డీ ఉంటే దానికి ఇంకో చరణం.

హాస్య వంత వేసిన ప్రశ్నలన్నీ పరీక్షలో రాదగినవే. నవ్వు అలా మెలిక మీదే పుట్టాలి. అధికారుల మీదో, వెనుకబడిన తోటి విద్యార్థి మీదో జోకులేస్తే జోకే మిగులుతుంది, చట్టం ఎగిరిపోతుంది. పైగా అది మంచి పనీ కాదు.

పాటకు ఎక్కించేది లెక్క వరుసే. తరచూ మారే రేట్లను, సెక్షన్ నంబర్లను విడిగా కాగితం మీద ఉంచుకోండి. 2024 డిసెంబరులో జీఎస్టీ కౌన్సిల్ వివరణతో పాప్‌కార్న్ మూడు రేట్లతో దేశమంతా నవ్వులు పూయించింది: విడిగా అమ్మే ఉప్పుకారందానికి 5 శాతం, ప్యాకెట్ చేసి లేబుల్ వేస్తే 12, కారమెల్‌కు 18. 2025 సెప్టెంబరులో 12 శాతం శ్లాబే పోయింది. అలాగే 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి పాత 80సీ కాస్తా 123 అయింది. ఆదాయాన్ని అయిదు శీర్షికల కింద విడదీసే పద్ధతి మాత్రం అలాగే ఉంది. ఆ అయిదింటికీ బాణీ కడితే చాలాకాలం పనికొస్తుంది.

ముగ్గురూ కూర్చున్న మొదటి రోజు నష్టాల సర్దుబాటు అధ్యాయం తీయండి. లాటరీ తగిలినవాడు తన వ్యాపార నష్టాన్ని అందులో కలపబోతే చట్టం ఒప్పుకోదు. పోనీ, టికెట్టు ఖర్చయినా తీసేయమంటే అదీ కుదరదంటుంది. మీ హాస్య వంతకు అక్కడ చేతినిండా పని.