లోపల ఒక మాట, బయట ఒక మాట: మర్డర్‌బాట్ నేర్పే హాస్యం

నవ్వించే రోబో మనకి కొత్తేం కాదు. 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’లో బుజ్జి కారు కీర్తి సురేశ్ గొంతుతో భైరవని ఆటపట్టిస్తుంటే అందరం నవ్వుకున్నాం. కానీ బుజ్జిని మనం బయట నుంచే వింటాం. రోబోయే ‘నేను’ అంటూ కథంతా చెప్తే ఎలా ఉంటుంది?

అమెరికన్ రచయిత్రి మార్థా వెల్స్ రాసిన ‘మర్డర్‌బాట్ డైరీస్’ అలాంటిదే. మొదటి పుస్తకం ‘ఆల్ సిస్టమ్స్ రెడ్’ 2017లో వచ్చి హ్యూగో, నెబ్యులా అవార్డులు రెండూ గెలిచింది. 2025లో యాపిల్ టీవీ ప్లస్‌లో సిరీస్‌గానూ వచ్చింది.

కథానాయకుడు అనాలా, నాయిక అనాలా? రెండూ కాదు. అదొక సెక్యూరిటీ యూనిట్. కొంత యంత్రం, కొంత మనిషి కణజాలం. ఓనర్ ఒక కంపెనీ. చెప్పిన మాట వినకపోతే శిక్షించే గవర్నర్ మాడ్యూల్ దాని లోపలే ఉంటుంది. దాన్ని ఇది గుట్టుగా హ్యాక్ చేసేసింది. ఇక ఎవర్నైనా చంపొచ్చు. మరి ఏం చేసింది? దాదాపు 35,000 గంటలు సీరియళ్లు, సినిమాలు చూస్తూ కూర్చుంది! లెక్క వేయండి: 24 × 365 × 4 = 35,040. అంటే పగలూ రాత్రీ కలిపి మన బీటెక్ మొత్తం.

ఇప్పుడు పాఠంలోకి వద్దాం. నవ్వు ఎక్కడ పుడుతోంది? మొక్కపాటి వారి ‘బారిస్టర్ పార్వతీశం’ కూడా ‘నేను’ అని చెప్పిన కథే. అక్కడ పార్వతీశానికి తెలియని లోకం మనకి తెలుసు, అందుకే నవ్వుతాం. మర్డర్‌బాట్‌ది దీనికి రివర్స్. దానికి మనుషుల సంగతి బాగా తెలుసు, ఎవరు ఎక్కడ కాలు జారతారో ముందే చెప్పగలదు. తన సంగతే తనకి తెలీదు. ‘నాకు వీళ్లంటే లెక్కలేదు’ అంటూనే వాళ్ల కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. ఆ తేడా అది గమనించదు, మనం గమనిస్తాం.

దీనికి తెలుగు చాలా బాగా సరిపోతుంది. ‘నేను వచ్చాను’ అంటే చెప్పేది ఆడో, మగో, యంత్రమో తెలీదు. హిందీలో అయితే ‘జాతా హూఁ’, ‘జాతీ హూఁ’ అని తేల్చుకోవాల్సిందే. ఇంకోటి, మనకి మర్యాద మాటలున్నాయి. పైకి ‘మీరు’, లోపల ‘వీడు’. రోబో కథకుడికి ఇంతకంటే మంచి పరికరం ఏముంది?

చిన్న ప్రయోగం చేద్దాం. అత్తాపూర్ నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తున్న కారులో దారి చెప్పే గొంతే మన కథకుడు అనుకోండి.

బయట: ‘దయచేసి యూ టర్న్ తీసుకోండి.’

లోపల: మూడోసారి చెప్తున్నా. ఫ్లైఓవర్ ఎక్కమంటే కిందే ఉండి పిల్లర్లు లెక్కపెడుతున్నాడు. ఫ్లైట్ మిస్సైతే నాకేంటి? నా సీరియల్లో పెళ్లి ఆగిపోయింది. అయినా ఆరాంఘర్ దగ్గర జామ్ ఎంతుందో ఇంకోసారి చూస్తా. ఊరికే చూస్తా, అంతే.

ఆ చివరి ‘ఊరికే’లోనే క్యారెక్టర్ ఉంది. జోకు కోసం రోబోని తింగరిదాన్ని చేయక్కర్లేదు. పని బాగా వచ్చిన దాన్ని చేసి, మనసు మాత్రం దాచుకోనివ్వండి.

ఇదంతా నవ్వు కోసమేనా? కాదు. (మొదటి పుస్తకం చదవనివాళ్లు ఈ పేరా వదిలేయండి.) చివర్లో డాక్టర్ మెన్సా అనే మంచి మనిషి దాన్ని కంపెనీ నుంచి కొనేస్తుంది. మంచి ఇల్లు, మంచి మనుషులు. కానీ కొనడం కొనడమే కదా! దానికి ఏం కావాలో దానికే ఇంకా తెలీదు. అందుకే చెప్పకుండా వెళ్లిపోతుంది. ‘ఏ కోర్సు, ఏ కంపెనీ, ఎంత ప్యాకేజీ’ అని మన తరఫున అందరూ ప్రేమగానే నిర్ణయిస్తున్న ఈ వయసులో, ఆ పేజీలు చదివితే నవ్వు కాసేపు ఆగిపోతుంది.

మీ వంతు: మన హాస్టల్ లిఫ్టో, క్యాంటీన్ బిల్లింగ్ మెషీనో కథకుడిగా పది వాక్యాలు రాయండి. బయటి మాట ఒకటి, లోపలి మాట రెండు. తనకి ఏం కావాలో మాత్రం దాని చేత చెప్పించకండి. చదివేవాళ్లే పట్టుకుంటారు.