విండోస్ ఆన్ అవ్వట్లేదా? ఫార్మాట్ కొట్టే ముందు మీ ఫైల్స్ ఇలా బయటకు తీయండి

ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే బ్లూ స్క్రీన్ వస్తోందా? లేదా "ఆటోమేటిక్ రిపేర్" దగ్గరే తిరుగుతోందా? షాపుకు తీసుకెళ్తే ఎక్కువగా వినిపించే మాట ఒకటే: "ఫార్మాట్ కొట్టాలి." కానీ విండోస్ పాడవడం వేరు, ఫైల్స్ పోవడం వేరు. చాలాసార్లు దెబ్బతినేది సిస్టమ్ ఫైల్సే. మీ ఫొటోలు, డాక్యుమెంట్లు డిస్క్‌లో అలాగే ఉంటాయి.

ఆ మధ్య మా కాలేజీ జూనియర్ ఫోన్ చేశాడు. "అన్నా, ఎల్లుండి ప్రాజెక్ట్ రివ్యూ, షాపులో ఫార్మాట్ తప్ప వేరే దారి లేదంటున్నారు" అన్నాడు. ఆ రాత్రే కింద చెప్పిన రెండో పద్ధతిలో కోడ్, రిపోర్ట్ మొత్తం తీసేశాం. ఆ తర్వాతే ఓఎస్ మళ్లీ వేశాం. గుర్తుంచుకోవాల్సిన వరుస ఇదే: ముందు కాపీ, తర్వాతే రిపేర్. ఎందుకంటే ఎస్‌ఎస్‌డీలో డిలీట్ అయిన డేటాను ట్రిమ్ అనే ఫీచర్ నిజంగానే తుడిచేస్తుంది. ఫార్మాట్ అయ్యాక రికవరీ సాఫ్ట్‌వేర్లతో పెద్దగా ఫలితం ఉండదు.

ముందుగా బిట్‌లాకర్ కీ

విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటుంది. అప్పుడు ఏ పద్ధతిలో వెళ్లినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఫోన్ బ్రౌజర్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి లాగిన్ అయి, డివైజెస్‌లో చూడండి. సాధారణంగా అక్కడే ఉంటుంది. ఆఫీస్ ల్యాప్‌టాప్ అయితే ఐటీ టీమ్‌ను అడగండి. కీ లేకపోతే షాపు వాళ్లు కూడా ఏమీ చేయలేరు.

పద్ధతి 1: నోట్‌ప్యాడ్ ట్రిక్

ఫైల్స్ తక్కువగా ఉంటే ఇది చాలు.

1. రికవరీ స్క్రీన్‌లో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్ ఓపెన్ చేయండి.
2. నోట్‌ప్యాడ్ అని ఇంగ్లీష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి.
3. ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి, కింద "ఆల్ ఫైల్స్" సెలెక్ట్ చేయండి.
4. యూజర్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి, కావాల్సింది రైట్ క్లిక్‌తో కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేయండి.

ఇక్కడ సీ డ్రైవ్ వేరే అక్షరంతో కనిపించొచ్చు, కంగారు పడకండి. కాపీ ఎంతవరకు అయిందో చూపించకపోవచ్చు, కాస్త ఓపిక పట్టండి.

పద్ధతి 2: లైనక్స్ లైవ్ యూఎస్‌బీ

రికవరీ స్క్రీన్ కూడా రాకపోతే, లేదా డేటా ఎక్కువుంటే ఇదే బెస్ట్.

1. వేరే కంప్యూటర్‌లో లైనక్స్ మింట్ ఐఎస్‌ఓ డౌన్‌లోడ్ చేసి, రూఫస్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రైట్ చేయండి. అందులో పాత డేటా మొత్తం పోతుంది, కాబట్టి ఖాళీది తీసుకోండి.
2. దాన్ని పాడైన ల్యాప్‌టాప్‌కు పెట్టి, బూట్ మెనూ తెరవండి. డెల్, లెనోవోలలో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9.
3. మింట్ డెస్క్‌టాప్ వచ్చాక ఇన్‌స్టాల్ ఐకాన్ మాత్రం అస్సలు నొక్కొద్దు.
4. ఫైల్ మేనేజర్‌లో విండోస్ డ్రైవ్ ఓపెన్ చేసి, ఫైల్స్‌ను ఇంకో ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేయండి. అది ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటే మంచిది. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు.

డ్రైవ్ "రీడ్ ఓన్లీ" అని చూపిస్తే పర్లేదు, మనకు కావాల్సింది కాపీ మాత్రమే.

ఏవి రావు?

ఇన్‌స్టాల్ చేసిన సాఫ్ట్‌వేర్లు ఇలా కాపీ చేస్తే పనిచేయవు. చాలా బ్రౌజర్‌లలో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి కాబట్టి, ఫోల్డర్ కాపీ చేసినా ఓపెన్ కావు. వన్‌డ్రైవ్‌లో క్లౌడ్‌లోనే ఉన్న ఫైల్స్‌ను వెబ్‌సైట్ నుంచి తీసుకోవాలి.

ఎక్కడ ఆగాలి?

హార్డ్ డిస్క్ టక్ టక్ మని శబ్దం చేస్తున్నా, బయోస్‌లో డిస్క్ అసలు కనిపించకపోయినా అక్కడే ఆపేయండి. చెక్‌డిస్క్ లాంటివి రన్ చేయొద్దు, పాడవుతున్న డిస్క్‌పై ఇంకా భారం పడుతుంది. డేటా అంత ముఖ్యమైతే రికవరీ ల్యాబ్‌కే ఇవ్వండి.

కాపీ అయ్యాక నాలుగైదు ఫైల్స్ వేరే కంప్యూటర్‌లో ఓపెన్ చేసి చూసుకోండి. అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాకే రీసెట్ నొక్కండి. మీ ల్యాప్‌టాప్ ఇప్పుడు బాగానే ఉందా? అయితే ఈరోజే బిట్‌లాకర్ కీ ఒక కాగితం మీద రాసి దాచుకోండి.