గుంటూరా, బందరా? ఆప్షన్లు పెట్టేముందు వార్డు చూసి రండి

తెనాలిలోనో బాపట్లలోనో రేపల్లెలోనో బైపీసీ చదివి నీట్ రాసిన పిల్లలున్న ఇళ్లలో ర్యాంకు వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే ప్రశ్న: "ఏ యూనివర్సిటీ మంచిదండీ?" మన రాష్ట్రంలో ఈ ప్రశ్నకు పెద్దగా అర్థం లేదు. గుంటూరు వైద్య కళాశాలలో చదివినా, మచిలీపట్నంలో చదివినా, చినకాకాని ఎన్నారైలోనో చినకొండ్రుపాడు కాటూరిలోనో చదివినా పరీక్ష పెట్టేదీ, పట్టా ఇచ్చేదీ విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయమే. 1986లో పుట్టిన ఆ వర్సిటీ పేరు 2022లో వైఎస్సార్‌గా మారింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ అయింది. పేరు ఏదైనా ప్రశ్నపత్రం అందరికీ ఒకటే, పట్టా మీద ముద్ర ఒకటే. మంగళగిరి ఎయిమ్స్, డీమ్డ్ వర్సిటీల దారి మాత్రం వేరు.

అమెరికాలో ఉన్న బాబాయి ఫోన్ చేసి "యూనివర్సిటీ ర్యాంకు చూసి చేరమ్మా" అంటాడు. ఆయన చెప్పింది తప్పు కాదు, ఆ దేశానికి సరిపోయే మాట. అక్కడ ముందు నాలుగేళ్ల డిగ్రీ చదవాలి, దాన్నే ప్రీ-మెడ్ అంటారు. అందులో మంచి జీపీఏ తెచ్చుకుని, ఎంక్యాట్ రాసి, ఇంటర్వ్యూలు దాటితే అప్పుడు మెడికల్ స్కూలు. డాలస్‌లో పెరిగిన మనమ్మాయికి 18వ ఏట డాక్టరీ ఖాయం కాదు. కాబట్టి ఎక్కడ చదివితే మార్కులు నిలుస్తాయో, ఏ ప్రొఫెసర్లు తనను గుర్తుపట్టి సిఫారసు రాస్తారో చూసుకుంటుంది. మన పిల్లలకు ఇంటర్ రెండేళ్లే ప్రీ-మెడ్. అవి విజయవాడ, గుంటూరు హాస్టల్ గదుల్లో గడిచిపోయాయి. 180 ప్రశ్నలు, 720 మార్కులు మిగతా లెక్క తేల్చేశాయి. ఇక తేలాల్సింది హౌస్‌సర్జన్సీతో కలిపి ఐదున్నరేళ్లు ఏ ఆస్పత్రిలో గడపాలన్నదే.

ఆస్పత్రి అనే అంటున్నాను, కాలేజీ అనడం లేదు. ఎంబీబీఎస్‌లో మొదటి ఏడాది తర్వాత చదువంతా మెల్లగా వార్డుల్లోకి వెళ్లిపోతుంది. పుస్తకం ఎక్కడైనా దొరుకుతుంది, పాఠం ఫోన్‌లో వినొచ్చు, రోగి మాత్రం ఆస్పత్రిలోనే ఉంటాడు. పురుగుమందు తాగి వచ్చిన రైతు, పాము కరిచిన కూలీ, నెలలు నిండకుండానే నొప్పులొచ్చిన తల్లి, షుగరుతో కాలు పుండుపడ్డ ముసలాయన: వీళ్లను ఎన్నిసార్లు చూశారు, ఎంత దగ్గరగా చూశారు అన్నదాని మీదే రేపు మీరు ఎలాంటి డాక్టరవుతారో ఆధారపడుతుంది.

ఈ కొలతతో చూస్తే గుంటూరు బరువే వేరు. కళాశాల 1946లో మొదలైంది. ఏడాదికి 250 ఎంబీబీఎస్ సీట్లు. వెయ్యికి పైగా పడకలున్న ప్రభుత్వ ఆస్పత్రి జీజీహెచ్‌కి పల్నాడు నుంచీ, ప్రకాశం నుంచీ, మన డెల్టా ఊళ్ల నుంచీ జనం వస్తూనే ఉంటారు. చాలా విభాగాల్లో పీజీలున్నారు. ప్రభుత్వాస్పత్రిలో గుండె మార్పిడి జరుగుతుందా అని అనుమానపడే రోజుల్లో, 2016లో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం అక్కడ చేసి చూపించింది. ఉత్తర అమెరికాలో స్థిరపడ్డ పూర్వ విద్యార్థుల సంఘం, అందరూ జింకానా అని పిలిచేది, ఆ ఆస్పత్రికి భవనాలు కట్టించడానికి చేయి కలిపింది. దశాబ్దాలుగా బయటికి వెళ్లిన సీనియర్లు ప్రతి ఊళ్లో, ప్రతి దేశంలో ఉండటం చిన్న విషయం కాదు. పీజీకి చదివేటప్పుడు ఏ పుస్తకం, ఏ బ్రాంచి అని అడగడానికి మనిషి దొరుకుతాడు.

బందరు కథ ఈమధ్యే మొదలైంది. 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, నంద్యాలతో పాటు మచిలీపట్నంలో కొత్త ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు. ఒక్కోదానికి 150 సీట్లు. తొలి బ్యాచ్ ఇంకా హౌస్‌సర్జన్సీకి రాలేదు. జిల్లా ఆస్పత్రినే పెంచి బోధనాస్పత్రి చేశారు. కాబట్టి అక్కడ చేరే పిల్లలకు ముందు నడిచిన సీనియర్లు తక్కువ, పీజీలు తక్కువ. దీన్ని లోటు అని కొట్టేయడం తేలికే. నేను అలా కొట్టేయను. పీజీలు కిక్కిరిసిన చోట సూది గుచ్చడం, కుట్లు వేయడం, కాన్పు చేయడం ముందు వాళ్ల వంతు, తర్వాత హౌస్‌సర్జన్ల వంతు. ఎంబీబీఎస్ కుర్రాడు వెనక వరసలో మునివేళ్ల మీద నిలబడి చూడాలి. పీజీలు లేనిచోట అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి సాయం కావాలి, ఆ సాయం మీరే.

అయితే అదంతా జరగాలంటే రెండు ఉండాలి: పడకల మీద రోగులు, వార్డులో అధ్యాపకులు. జాతీయ వైద్య కమిషన్ 2023 ప్రమాణాల ప్రకారం 150 సీట్ల కాలేజీకి 605 పడకలు, 250 సీట్ల కాలేజీకి 900 పడకలు ఉండాలి, ఏడాది సగటున 80 శాతం నిండాలి. కాగితం మీద భాగిస్తే తమాషాగా ఉంటుంది. చిన్న కాలేజీలో ఒక్కో సీటుకు నాలుగు పడకలు, పెద్దదాంట్లో మూడున్నర చిల్లర. ఈ లెక్క చూసి చిన్నదే మేలు అనుకునేవాళ్లున్నారు. పడక ఉండటం వేరు, దాని మీద రోగి ఉండటం వేరు, ఆ రోగి దగ్గర మీతో మాట్లాడే ప్రొఫెసర్ ఉండటం ఇంకా వేరు. ఇవి వెబ్‌సైట్‌లో కనపడవు. వెళ్లి చూడాలి.

చూడటానికి పెద్ద ఖర్చేమీ కాదు. తెనాలి వాళ్లకు గుంటూరు రైలు చాలు. రేపల్లె వాళ్లకు పెనుమూడి–పులిగడ్డ వంతెన వచ్చాక కృష్ణ దాటితే అవనిగడ్డ, ఆపైన బందరు. గుంటూరు ఎంత దూరమో బందరూ దాదాపు అంతే. బాపట్ల నుంచి కూడా 216 జాతీయ రహదారి రేపల్లె మీదుగా అటే తీసుకెళ్తుంది. మామూలు పనిదినాన పొద్దున పదింటికి ఓపీ దగ్గర నిలబడండి. క్యూ ఎంతుందో చూడండి. మెడిసిన్ వార్డులో, ప్రసూతి వార్డులో ఎన్ని పడకలు ఖాళీగా ఉన్నాయో బయటి నుంచే తెలుస్తుంది. సాయంత్రం ఏడు దాటాక క్యాజువాలిటీ చూడండి. సగం సంగతి అక్కడే తేలిపోతుంది. క్యాంటీన్‌లో మూడో ఏడాది పిల్లలు కనబడితే ప్రిన్సిపాల్ గురించి అడక్కండి. "నిన్న పోస్టింగ్‌లో ఏం చూశారు?" అని అడగండి. చటుక్కున ఒక కేసు చెప్పగలిగితే ఆ ఆస్పత్రి పనిచేస్తున్నట్టే. "అటెండెన్స్ వేయించుకుని వచ్చేశామండీ" అన్నారంటే ఇంకెవర్నీ అడగక్కర్లేదు. ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ సీటు గురించి ఆలోచిస్తున్నా ఇదే పరీక్ష పెట్టండి. మెరిసే లాబీ చూసి మురిసిపోయే తల్లిదండ్రులు ఎక్కువ, జనరల్ వార్డు దాకా నడిచేవాళ్లు తక్కువ.

నా తీర్పు అడిగితే: రెండింటిలోనూ కన్వీనర్ సీటు వచ్చే ర్యాంకైతే గుంటూరే. రోగుల రద్దీ, పీజీల బోధన, సీనియర్ల అండ, ఈ మూడూ ఒకేచోట దొరకడం అరుదు. కాకపోతే 250 మందిలో నోరు విప్పకుండా ఐదేళ్లు దాటేసే పిల్లలుంటారు. మీ వాడు ఆ రకమైతే, తోసుకుని ముందుకు రాలేని మనస్తత్వమైతే, బందరులో 150 మంది మధ్య ఎక్కువ నేర్చుకుంటాడు. పక్కింటివాళ్ల ముందు కాలేజీ పేరు గొప్పగా చెప్పుకోవడం కోసం ఈ నిర్ణయం తీసుకునేవాళ్లే ఎక్కువని నా అనుమానం.

డబ్బు దగ్గర మాత్రం జాగ్రత్త. ప్రభుత్వ కాలేజీ అనగానే అన్ని సీట్లూ చవక అనుకోకండి. 2023లో ఆ అయిదు కొత్త కాలేజీలకు ఇచ్చిన జీవోల ప్రకారం అఖిల భారత కోటా 15 శాతం పోగా మిగిలిన సీట్లలో సగమే కన్వీనర్ కోటా. అంటే 150లో 64 దాకా. వాటికి ఏడాది ఫీజు 15,000. సెల్ఫ్ ఫైనాన్స్ బి కేటగిరీకి 12 లక్షలు, ఎన్నారై సీటుకు 20 లక్షలు. చేరే ఏడాది నోటిఫికేషన్‌లో ఆ అంకెలు మళ్లీ సరిచూసుకోవాలి. ఏడాదికి 12 లక్షలంటే ఐదేళ్లకు 60 లక్షలు, హాస్టలూ పుస్తకాలూ అదనం. ఆ సొమ్ము కోసం డెల్టాలో మాగాణి అమ్మేముందు ఇంకొక్క లెక్క వేయండి: ఎంబీబీఎస్ తర్వాత పీజీ ఉంది, దానికీ డబ్బు కావాల్సి రావచ్చు. కొద్ది మార్కుల తేడాతో కన్వీనర్ సీటు తప్పిన పిల్లకు ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ ఇప్పించడం బి కేటగిరీ కంటే తెలివైన పని. రెండోసారి రాసినా వంద మార్కుల దూరంలోనే ఉండిపోయిన పిల్లకు మూడో ఏడాది ఇప్పించడం తెలివైన పని కాదు.

వెబ్ ఆప్షన్ల దగ్గర ఒక అపోహ ఏళ్ల తరబడి నడుస్తోంది: "వచ్చే కాలేజీనే పైన పెట్టాలి, లేకపోతే అసలు రాదు" అని. కంప్యూటర్ ర్యాంకు వరస ప్రకారం మీ దగ్గరికొచ్చి, మీ జాబితాను పైనుంచి కిందికి చదువుతుంది. పైనున్నది ఖాళీ లేకపోతే తర్వాతి దానికి వెళ్తుంది. రాని కాలేజీని పైన పెట్టినందుకు శిక్ష లేదు. కానీ బందరును పైన, గుంటూరును కింద పెట్టి, ఆనక బాధపడితే లాభం లేదు. తర్వాతి రౌండులో పై ఆప్షన్‌కి మారితే పాత సీటు పోతుంది, మళ్లీ అడిగినా ఇవ్వరు. అందుకే మీకు నిజంగా వద్దనుకున్న కాలేజీని జాబితాలో పెట్టనే వద్దు.

అఖిల భారత కోటాలో వేరే రాష్ట్రం సీటు వస్తుంటే ఒక విషయం గుర్తుంచుకోండి. పీజీ సీట్లలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ చెల్లదనీ, చదివిన విద్యాసంస్థను బట్టి ప్రాధాన్యం ఇవ్వొచ్చనీ 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఎంబీబీఎస్ ఎక్కడ చేశారన్నది రేపు పీజీ కౌన్సెలింగ్‌లో బరువు తూగుతుంది. మంగళగిరి ఎయిమ్స్ వస్తే మాత్రం ఈ చర్చంతా పక్కన పెట్టి చేరిపోండి. 2018లో 50 సీట్లతో మొదలైన ఆ సంస్థకు తెనాలి నుంచి గంట ప్రయాణం, ఫీజు నామమాత్రం.

విదేశాల సంగతి క్లుప్తంగా. ఫిలిప్పీన్స్‌లో ముందు బీఎస్ అనే కోర్సు, తర్వాత నాలుగేళ్ల ఎండీ. అచ్చమైన ప్రీ-మెడ్ పద్ధతి. 2021 నవంబరులో వచ్చిన మన నిబంధనలు వైద్య విద్య కనీసం 54 నెలలు ఉండాలన్నాయి. నాలుగేళ్లంటే 48 నెలలే. బీఎస్‌ను కలిపి చూపిస్తామన్న ఏజెంట్లను నమ్మి వెళ్లినవాళ్లు ఇరుక్కున్నారు. ఏ దేశమైనా ఏజెంటు బ్రోషర్ కంటే ముందు ఆ నిబంధనలు చదవండి.

బాపట్లలోనూ మెడికల్ కాలేజీ వస్తుందని 2021 మే 31న శంకుస్థాపన చేశారు, ఆ తర్వాత అది పీపీపీ చర్చల్లోకి వెళ్లింది. కౌన్సెలింగ్ జాబితాలో పేరు కనబడేదాకా దాన్ని లెక్కలోకి తీసుకోకండి. బాపట్లలో ఇప్పటికే ఉన్న గొప్ప కాలేజీ ఇంకొకటుంది, దాన్ని నీట్ మోజులో మర్చిపోతున్నాం. 1945లో పెట్టిన వ్యవసాయ కళాశాల అది. మనం రోజూ తినే సాంబ మసూరి, బీపీటీ 5204, బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టిందే. ఎన్జీ రంగా వర్సిటీ కింద నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్ సీట్లు ఈఏపీసెట్ ర్యాంకుతో ఇస్తారు, అందులో రైతు కుటుంబాల పిల్లలకు కోటా ఉంది. రేపల్లె చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు ఇది వరమే. డాక్టరీ మీద నిజమైన ఇష్టం లేక, అమ్మానాన్నల మాట కాదనలేక లాంగ్ టర్మ్‌లో కూర్చున్నవాళ్లు ఒక పూట ఆ క్యాంపస్‌లో తిరిగి రావాలి.

వైద్య, వ్యవసాయ కోర్సుల రెండు కౌన్సెలింగ్‌లూ ఒకే కాలంలో నడుస్తాయి. ఒరిజినల్ టీసీ ఒకచోట ఇచ్చేస్తే ఇంకోచోట చిక్కు వస్తుంది, కాబట్టి ఇచ్చేముందు సీటు వదులుకునే గడువు, బాండు షరతు అడిగి రాయించుకోండి. ఇంటర్ హైదరాబాదులో చదివినవాళ్లయితే ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే సేకరించుకోండి. గుంటూరు, బాపట్ల జిల్లాలు ఏయూ స్థానిక ప్రాంతంలోకి వస్తాయి, ఆ స్థానికత తేల్చేది ఆ కాగితాలే. పాత స్కూలు మూతపడి ఉంటే మండల విద్యాధికారి ఆఫీసులో అడగండి, నోటిఫికేషన్ వచ్చాక అక్కడ వరస పెరుగుతుంది.