భిలాయిలో పుట్టినా కుల ధ్రువపత్రం శ్రీకాకుళానిదే

ప్రశ్న: మా తాతగారు శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి భిలాయి స్టీల్ ప్లాంటులో చేరారు. ఎస్సీలం. నాన్నగారూ నేనూ ఇక్కడే పుట్టాం, ఇక్కడే చదివాం. ప్రభుత్వ సేవలందించే చాయిస్ సెంటర్లో కుల ధ్రువపత్రానికి దరఖాస్తు పెడితే ‘మీరు ఛత్తీస్‌గఢ్ ఎస్సీలు కారు’ అని తిప్పి పంపారు. ప్లాంటు ఉద్యోగానికి ఎస్సీ కోటాలో పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టుకోవచ్చు. కాకపోతే కాగితం తెచ్చుకునే దారి వేరు.

భిలాయి తెలుగువాళ్లకు ఈ గొడవ కొత్తది కాదు. సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన ప్లాంటు అది. దేశం నలుమూలల నుంచీ జనం వచ్చి సెక్టార్లలో ఇరుగుపొరుగయ్యారు. ఇన్ని భాషల వాళ్లను కంపెనీ ఒకే గేటులోంచి లోపలికి తీసుకుంది. తహసీలు ఆఫీసు మాత్రం వాళ్ల మనవలను ఇంకా ‘మీదే ఊరు?’ అని అడుగుతోంది. గుమస్తా పెడసరంగా మాట్లాడి ఉండొచ్చు గానీ, అతను చెప్పింది చట్టమే.

ఎస్సీల జాబితాతో రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది 1950 ఆగస్టు 10న. ఎస్టీలకైతే సెప్టెంబరు 6. ఆ రోజు మీ కుటుంబం శాశ్వత నివాసం ఎక్కడుందో మీరు ఆ రాష్ట్రం ఎస్సీలు. తర్వాత పుట్టినవాళ్లకూ పెద్దల నివాసమే లెక్క. ప్లాంటు ఒప్పందమే 1955 నాటిది కాబట్టి, దానికోసం వచ్చిన తెలుగు కుటుంబమేదీ ఈ తేదీనాటికి ఇక్కడ లేదు. మీ కులం పేరే ఇక్కడి జాబితాలో ఉన్నా లాభం లేదు.

ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు ఖాయం చేసింది కూడా ఓ తెలుగు కుటుంబం కేసులోనే. అదే మర్రి చంద్రశేఖరరావు కేసు, 1990. తెనాలి తహసీల్దారు ఇచ్చిన ఎస్టీ ధ్రువపత్రంతో తండ్రి ప్రభుత్వరంగ ఎరువుల సంస్థలో చేరి, ఉద్యోగరీత్యా బొంబాయి చేరారు. చిన్నప్పుడే తండ్రి వెంట వెళ్లి అక్కడే చదివిన కొడుకు మెడికల్ కాలేజీలో ఎస్టీ సీటు అడిగితే, ఆంధ్రా ఎస్టీ మహారాష్ట్రలో ఎస్టీ కాడని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఒకచోటి వెనకబాటు మరోచోట అదే తీరున ఉండదన్నది కోర్టు తర్కం. నాకు ఇది సగమే నచ్చుతుంది. రాష్ట్రం సరిహద్దు దాటగానే అంటరానితనం రైలు దిగిపోదు. అలాగని ఇక్కడి ఎస్సీలైన సత్నామీల, ఆదివాసీల వాటాలో బయటివాళ్లు చేయిపెట్టడమూ న్యాయం కాదు. ప్లాంటుకు పొలాలిచ్చింది వాళ్ల ఊళ్లే కదా.

బీర్ సింగ్ కేసులో 2018లో సుప్రీంకోర్టు మరో రాజ్యాంగ ధర్మాసనం ఈ సూత్రాన్నే మళ్లీ చెబుతూ, కేంద్ర ఉద్యోగాలకు మాత్రం ఏ రాష్ట్రం ఎస్సీ అయినా అర్హుడేనంది. భిలాయి ప్లాంటు సెయిల్‌ది, సెయిల్ కేంద్ర ప్రభుత్వ సంస్థ. అఖిల భారత పోటీతో జరిగే నియామకాల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం. అందులో మీకు హక్కుంది. ఛత్తీస్‌గఢ్ పోలీసు, టీచరు ఉద్యోగాలకూ, రాష్ట్ర కాలేజీ సీట్లకూ మీరు జనరలే.

ఇక కాగితం సంగతి. మీ నాన్నగారికో అమ్మగారికో ఆంధ్రా అధికారి ఇచ్చిన అసలు ధ్రువపత్రం ఉంటే, దాన్ని చూపించి భిలాయి ఉన్న దుర్గ్ జిల్లా అధికారుల దగ్గరే వలస ధ్రువపత్రం అడగండి. కేంద్ర హోంశాఖ 1985లోనే ఈ వీలు కల్పించింది. దాని నమూనా వేరు. తల్లి లేదా తండ్రి పత్రాన్ని ఎవరు, ఎప్పుడు ఇచ్చారో అందులో రాస్తారు. చాలామంది మామూలు ఫారమే నింపి తిరస్కరణకు గురవుతున్నారు. పెద్దవాళ్ల పత్రమే లేకపోతే స్వగ్రామం వైపు నుంచి నరుక్కురావాలి. తాతగారి సర్వీసు బుక్కులో ఎల్‌టీసీ కోసం రాయించిన సొంతూరి పేరు, ఆ ఊళ్లో భూమి అడంగల్, పాత బడి టీసీ ఏది దొరికినా దాచుకోండి. ఇంకో చిక్కుంది. మన పత్రాల్లో ఇంటిపేరు ముందుంటుంది, ఇక్కడి మార్కుల షీటులో చివరికి పోతుంది. రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ ముందే చేయించుకోండి, ఇంటర్వ్యూ రోజున కాదు.

కోటా సరిహద్దు దగ్గర ఆగినా, రక్షణ ఆగదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వలస వెళ్లినవారికీ దేశమంతటా వర్తిస్తుందని బాంబే హైకోర్టు ఫుల్ బెంచి 2023లో చెప్పింది. ఆ తీర్పు ఛత్తీస్‌గఢ్ కోర్టులను కట్టేయదు గానీ, పోలీసులు ‘మీది ఇక్కడి కులం కాదు’ అంటే చూపడానికి గట్టి ఆధారం.

ప్లాంటులో చేరాక కూడా రిజర్వేషన్ల రోస్టర్ సరిగా అమలవుతోందా అన్న అనుమానం వస్తే ఎస్సీ, ఎస్టీల లైజన్ ఆఫీసర్ని కలవండి. సెయిల్ సమాచార హక్కు చట్టం కింద జవాబివ్వాల్సిన సంస్థ. పది రూపాయల దరఖాస్తుతో రోస్టర్ వివరాలు అడగవచ్చు, 30 రోజుల్లో చెప్పాలి.

కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లకు ఈ రోస్టర్ లేదు. ‘వైవిధ్యం’ అని పోస్టర్లు అంటించే కంపెనీలు ఈ గేటు దగ్గరే మాట మింగుతాయి. అయినా కొన్ని చట్టాలు వాళ్లకూ అక్కరకొస్తాయి. లైంగిక వేధింపుల మీద 2013 చట్టం కాంట్రాక్టు మహిళను కూడా ఉద్యోగి అనే అంటుంది. ఊడ్చే అమ్మాయైనా అంతర్గత కమిటీకి మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయవచ్చు. పదిమందికన్నా తక్కువ ఉన్న చిన్న వర్క్‌షాపైతే జిల్లా స్థాయి లోకల్ కమిటీ ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం ప్రైవేటు సంస్థ కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. ట్రాన్స్‌జెండర్లకు 2019 చట్టముంది. 2021లో ఛత్తీస్‌గఢ్ పోలీసు శాఖే 13 మంది ట్రాన్స్‌జెండర్లను కానిస్టేబుళ్లుగా తీసుకున్నాక, ‘మా దగ్గర కుదరదు’ అనే ఫ్యాక్టరీల మాట నిలవదు.

ఎస్సీలు, ఎస్టీలు, మహిళలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. దుర్గ్‌లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకుండా వలస ధ్రువపత్రానికి ఈ వారమే దరఖాస్తు పెట్టండి.