సాత్తూరులో రెండో ఏటి ఇటాలియన్

కోవిల్‌పట్టి దగ్గర కామనాయక్కన్‌పట్టిలో పరలోకమాత చర్చి ఉంది. ఇటలీలో మాంతువా దగ్గరి కాస్తిల్యోనెలో 1680లో పుట్టిన కొస్తాన్‌త్సొ జుసెప్పె బెస్కి తమిళదేశానికి వచ్చిన కొత్తలో పనిచేసిన చోట్లలో అదొకటి. తమిళులు ఆయన్ని వీరమామునివర్ అంటారు. ఆయన రాకకు వందేళ్ళ ముందే, 1606లో, మదురై చేరిన మరో ఇటాలియన్ మతప్రచారకుడు రొబెర్తొ దె నోబిలి తమిళం, సంస్కృతాలతో పాటు తెలుగు కూడా నేర్చాడు. అప్పటి మదురై నాయక రాజుల ఇంటి భాష తెలుగే కదా.

ఇక్కడి భాషలు నేర్చి వాళ్ళు చేసిన పనిని తిరగేసి చేయడం ఎలాగో ఇక్కడ చెప్పబోతున్నాను. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో తమిళం చదువుతూ, హైస్కూలు వయసులో ఇటాలియన్ పట్టుకున్న, కోవిల్‌పట్టి దగ్గరి సాత్తూరు పిల్లో పిల్లాడో ఉన్నారనుకోండి. పలకరింపులు, అంకెలు, వర్తమాన క్రియలు మొదటి ఏడాదిలో అయిపోయాయి. ఇక రెండో ఏడు. యూరప్ కొలతలో దీని గమ్యం ఎ2 స్థాయి.

తెలుగు ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అనే మాటను నికొలో దె కొంతి అనే వెనీసు యాత్రికుడి పేరు మీద వేదికలెక్కి చెబుతుంటారు. సన్మాన సభకు బాగానే ఉంటుంది, పరీక్షలో మాత్రం ఒక్క మార్కు కూడా తేదు. మాటల చివర అచ్చులుంటాయన్న పోలికకన్నా పనికొచ్చే పోలికలు వ్యాకరణం లోపల దాగున్నాయి. ఇంగ్లీషులో రాసిన పాఠ్యపుస్తకాలు వాటిని చూపించవు. అందుకే నా సలహా ఒకటే: ఇటాలియన్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకోకండి, తెలుగు మీదుగా నేర్చుకోండి.

ముందు నోరు సరిచేసుకోవాలి. ఇంగ్లీషు అలవాటు కొద్దీ మనం ‘ట’ అనేస్తాం. ఇటాలియన్‌లో అది ‘త’. ‘అంతా’ అని చెప్పాలంటే ‘తుత్తొ’ అనాలి, ‘టుట్టో’ కాదు. ఒత్తులు మనకు పుట్టుకతో వచ్చినవే. గడికీ గడ్డికీ తేడా తెలిసిన చెవికి ‘పాల’ అంటే పార అనీ, ‘పల్ల’ అంటే బంతి అనీ వేరు చేసి చెప్పక్కర్లేదు. పైగా ఒత్తు ముందు అచ్చు పొట్టిగానూ, ఒత్తు లేనిచోట ఊనిన అచ్చు కాస్త సాగుతూనూ పలకడం కూడా ఈ జంటలో వినిపిస్తుంది. వయసు చెప్పేటప్పుడు ‘అన్ని’లో ఒత్తు మరిచిపోతే మాత్రం వినేవాళ్ళు నవ్వు ఆపుకోవాల్సి వస్తుంది. ఎందుకో నిఘంటువులో చూసుకోండి. పిజ్జా నిజానికి ‘పిత్స’. చలి, చాప అనేటప్పుడు పలికే ఆ దంత్య చకారమే అది.

ఉచ్చారణ రాసుకోవడానికి తమిళ లిపి వాడకండి. 2006 చట్టం తర్వాత తమిళం తప్పనిసరి అయిన బళ్ళలో చాలామంది తెలుగు పిల్లలకు చెయ్యి తిరిగిన లిపి అదే. అయితే దానిలో ప, బ రెంటికీ ఒకటే అక్షరం. తినే ‘పాస్త’, చాలు అని చెప్పే ‘బాస్త’ కాగితం మీద ఒకేలా కనబడతాయి. తెలుగు అక్షరాలు రాకపోతే ఈ పని కోసమైనా నేర్చుకోండి, నాలుగు వారాల పని.

తర్వాత భూతకాలం. రెండో ఏడు సగం దీనితోనే గడుస్తుంది, గడవాలి కూడా. ఇటాలియన్‌లో గడిచిన పనికి రెండు రూపాలు. ఒకసారి జరిగి ముగిసినది ‘పస్సాతొ ప్రోస్సిమొ’, అలవాటుగా జరిగినదీ అప్పటికి జరుగుతూ ఉన్నదీ ‘ఇంపెర్ఫెత్తొ’. ఇంగ్లీషు మీదుగా వచ్చినవాళ్ళు ఇక్కడ నెలల తరబడి తడబడతారు. మనకు ‘వెళ్ళాడు’, ‘వెళ్ళేవాడు’ ఎప్పటినుంచో వేరు. మొదటిది ‘ఎ అందాతొ’, రెండోది ‘అందావ’. గుర్తుంచుకోవలసింది ఒకటే. ‘అప్పుడు వెళ్తూ ఉన్నాడు’ అన్నదీ అందావ కిందికే వస్తుంది. అంటే మన రెండు రూపాలు అక్కడ ఒకదానిలో ఒదుగుతాయి.

మనల్ని చిక్కుల్లో పెట్టేది సహాయక క్రియ. చాలా క్రియలకు ‘అవేరె’ వస్తుంది. వెళ్ళడం, రావడం, చేరడం, పుట్టడం, చనిపోవడం లాంటివాటికి ‘ఎస్సెరె’. ఎస్సెరె వచ్చినచోట క్రియ లింగాన్ని బట్టి మారుతుంది, ‘నేను’ అన్నప్పుడు కూడా. మనం ‘వెళ్ళాను’ అంటే ఆడో మగో తెలియదు. అక్కడ అమ్మాయి ‘సోనొ అందాత’ అనాలి, అబ్బాయి ‘సోనొ అందాతొ’ అనాలి. దీనికి రోజూ సాయంత్రం ఐదు వాక్యాలు రాయడం తప్ప మందు లేదు. లేచాను, రైలెక్కి కోవిల్‌పట్టి వెళ్ళాను, కడలై మిఠాయి కొన్నాను, తిరిగొచ్చాను, నిద్రపోయాను. వీటిలో ఏది ఎస్సెరె, ఏది అవేరె అని పక్కన గుర్తు పెట్టండి. చేత్తో రాయండి. సాత్తూరు ఒకప్పుడు పెన్ను పాళీలకు పేరుపడ్డ ఊరు, ఆ మర్యాదైనా నిలబెట్టండి.

ఇష్టాయిష్టాల పాఠం మనకు పండగే. ‘నాకు ఈ పాట నచ్చింది, ఈ పాటలు నచ్చాయి’ అంటాం. క్రియ నచ్చినదాన్ని బట్టి మారుతుంది గాని నన్ను బట్టి కాదు. ఇటాలియన్ ‘మి ప్యాచె’, ‘మి ప్యాచ్చొనొ’ అచ్చంగా ఇంతే. దీన్ని ఇంగ్లీషులో వివరించబోయి పుస్తకాలు పేజీలకు పేజీలు ఖర్చు పెడతాయి. మీరు ఆ పేజీలు తిప్పేయండి.

ఇక కష్టమంతా ఆర్టికల్స్‌లో ఉంది. తెలుగులో అవి లేవు, తమిళంలోనూ లేవు, కాబట్టి ఇక్కడ ఏ చుట్టరికమూ ఆదుకోదు. ప్రతి వస్తువుకూ లింగం ఉంటుంది. ‘ప్రొబ్లేమ’ ‘అ’ అక్షరంతో ముగిసినా పుంలింగం, ‘మానొ’ (చెయ్యి) ‘ఒ’ అక్షరంతో ముగిసినా స్త్రీలింగం. దానికితోడు దీ, ఆ, దా, ఇన్, సూ అనే ఐదు విభక్తి ముక్కలు ఏడు ఆర్టికల్ రూపాలతో కలిసి 35 సంధి రూపాలవుతాయి. వీటిని ఎక్కం పుస్తకంలా కంఠతా పట్టాల్సిందే. బట్టీ అంటే చిన్నచూపు ఉన్న టీచర్లు ఒప్పుకోరు, నేను పట్టించుకోను.

మాటల నోటుబుక్కుకు బెస్కినే ఆదర్శంగా తీసుకోవచ్చు. 1732 నాటి ఆయన చతురకరాదిలో నాలుగు భాగాలున్నాయి. వాటిలో తొగై అంటే ఒక జాతి మాటల గుంపు, తొడై అంటే ప్రాస కుదిరే మాటల వరస. ఆ రెండూ మనకు కావాలి. వంటింటి మాటలు ఒక పేజీ, రైలు మాటలు ఒక పేజీ. ప్రాస పేజీలో స్తత్స్యోనె, లెత్స్యోనె, కొలత్స్యోనె వరసగా రాస్తే, ఆ ముగింపున్న మాటలన్నీ స్త్రీలింగమని వేరే సూత్రం చెప్పక్కర్లేదు.

సంస్కృతిని పటాలతో కాకుండా మాటలతో నేర్చుకోవాలి. అంగడిలో ‘నాకు కావాలి’ అని ‘వొల్యొ’ అనకూడదు, ‘వొర్రెయి’ అనాలి. పెద్దవాళ్ళతో ‘తూ’ పనికిరాదు, ‘లెయి’ అనాలి, క్రియ ప్రథమ పురుష ఏకవచనంలోకి వెళ్తుంది. ఆగస్టు 15న మనకు స్వాతంత్ర్య దినం, కామనాయక్కన్‌పట్టిలో మాత స్వర్గారోహణ పండగ. ఇటలీలో అదే రోజు ‘ఫెర్రగోస్తొ’. ఊళ్ళకు ఊళ్ళు దుకాణాలు మూసి సముద్రం ఒడ్డుకు పోతాయి. సాత్తూరు కారసేవు గురించి చెప్పాలంటే ‘ఫరీన ది చేచి’, శనగపిండి, అనే మాట చాలు. సిసిలీ ద్వీపంలోని పలెర్మొలో ఆ పిండితోనే ‘పనెల్లె’ వేయిస్తారు కాబట్టి వెంటనే అర్థమవుతుంది.

ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకొకటి అన్న మన అవస్థ వాళ్ళకూ తెలుసు. 1861లో ఇటలీ ఒక్కటయ్యేనాటికి ఇటాలియన్ మాట్లాడగలిగినవాళ్ళు 2.5 శాతమేనని తుల్లియొ దె మౌరొ అనే భాషావేత్త లెక్క వేశాడు. మిగతావాళ్ళు వెనీసు మాటో, నేపుల్సు మాటో, సిసిలీ మాటో ఆడేవాళ్ళు. మన దగ్గర ఇడైసేవల్‌లో తెలుగింట పుట్టి తమిళంలో రాసిన కి.రాజనారాయణన్ కరిసల్ (నల్లరేగడి) నేల మాటలకు నిఘంటువు కట్టారు. ఇటాలియన్ స్నేహితుడు ‘మీ ఊరి మాట ఏది’ అని అడిగితే ఆ సంగతి చెప్పండి. ఎ2 స్థాయి వాక్యాలు సరిపోతాయి.

ఏడాది చివర ఒక కథ చెప్పాలి. బెస్కి రాసిన పరమార్థ గురువు కథే తీసుకోండి, తెలుగువాళ్ళకు పరమానందయ్య శిష్యులుగా తెలిసినదే. ఏరు నిద్రపోతోందా మేలుకుందా అని శిష్యుడు కొరివితో నీటిని తాకి చూస్తాడు. ‘ఏరు నిద్రపోతూ ఉంది’ ఇంపెర్ఫెత్తొ, ‘తాకాడు’ పస్సాతొ ప్రోస్సిమొ. కథంతా ఈ రెంటి మీదే నడుస్తుంది. పుస్తకం చూడకుండా ఐదు నిమిషాలు చెప్పి, ఫోన్‌లో రికార్డు చేసి, ఒత్తులు విని చూసుకోండి. అది నిలబడితే పెరూజలోని విదేశీయుల విశ్వవిద్యాలయం పెట్టే చేలి 1 పరీక్షకు కూర్చోవచ్చు. అది ఎ2 స్థాయిదే.

ఊహలు, షరతులు చెప్పే క్రియారూపమైన కొంజ్యుంతీవొ జోలికి ఈ ఏడు పోకండి. ‘తెలిస్తే వచ్చేవాణ్ణి’ అని మనం అన్నట్టే, ఇటలీ వీధుల్లో రెండుచోట్లా ఇంపెర్ఫెత్తొ పెట్టి ‘సె లొ సపేవొ, వెనీవొ’ అనేస్తారు. మాటల్లో అది చెల్లుతుంది, పరీక్ష కాగితం మీద రాస్తే మార్కు పోతుంది. సరైన రూపం మూడో ఏటి పాఠం.